24,500,000ను ఇంగ్లీషులో గబుక్కున చదవడం ఎలా?

వంద దాకా తడబడకుండా లెక్కపెడుతున్నా, విదేశీ క్లయింటు 24,500,000 అని పంపితే నోరు పెగలడం లేదన్నారు కదా. చిక్కంతా కామాల దగ్గరే ఉందండీ. మనం కుడి నుంచి మొదట మూడు అంకెలు, తర్వాత రెండేసి విడదీస్తాం: 2,45,00,000. వాళ్లకు చివరిదాకా మూడేసే. అందుకని మనసులో కోట్లలోకి మార్చకండి, ఆలస్యమంతా ఆ అలవాటుతోనే. ఎడమ నుంచి ఒక్కో గుంపును మామూలు మూడంకెల సంఖ్యలా చదివి, కామా రాగానే ఆ గుంపు పేరు (మిలియన్, థౌజండ్) పలకండి: ట్వెంటీ ఫోర్ మిలియన్, ఫైవ్ హండ్రెడ్ థౌజండ్. చివరి సున్నాల గుంపును వదిలేయవచ్చు. విలువ సరిచూసుకోవాలంటే పది లక్షలు ఒక మిలియన్, వంద కోట్లు ఒక బిలియన్. ‘ట్వెంటీ ఫోర్ మిలియన్స్’ అని మాత్రం అనకండి. ముందు సంఖ్య చెప్పాక ఆ ‘స్’ రాదు.