అరచేతులు, అరికాళ్లు దురద పెడుతుంటే 9వ తేదీ దాకా ఆగొద్దు

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 26 ఏళ్లు. మొదటి కాన్పు, ఇప్పుడు 33వ వారం. పురిటికని రాజమండ్రి దగ్గర పల్లెలో ఉన్న పుట్టింటికి వచ్చాను. పది రోజులుగా అరచేతులు, అరికాళ్లు ఒకటే దురద. పగలు ఏదో పనిలో పడి మరిచిపోతాను గానీ రాత్రి పడుకోగానే మొదలవుతుంది. మొన్న రెండింటికి లేచి గుమ్మం ముందున్న కొబ్బరిపీచు పట్టా మీద అరికాళ్లు రుద్దుకుంటూ నిలబడ్డాను. దద్దుర్లేమీ లేవు, గోకిన గీతలు తప్ప. ‘బిడ్డకు జుట్టు వస్తోంది, అందుకే’ అంటుంది అమ్మ. అత్తయ్యగారేమో వేపాకు కాచిన నీళ్లతో స్నానం చేయమన్నారు. 9వ తేదీన చెకప్ ఉంది, ఇంకా రెండు వారాలు. అప్పుడు అడిగితే సరిపోతుందా?
(పేరు రాయొద్దన్నారు)

జవాబు: సరిపోదమ్మా. ఈ పత్రిక మీ చేతికి వచ్చిన రోజే, కుదరకపోతే మర్నాడు పొద్దున్నే వెళ్లండి. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు చేసే ఉచిత పరీక్షలు 2016 నుంచి నడుస్తున్నాయి, మంచివే, కానీ ఆ తేదీ మామూలు చెకప్‌కి. మీది ఆగే విషయం కాదు.

నెలలు నిండేకొద్దీ పొట్ట మీద చర్మం సాగి, పొడిబారి దురద పెట్టడం చాలామందికి ఉండేదే. మీరు రాసినదాంట్లో నాకు పట్టింది వేరే: అరచేతులు, అరికాళ్లు, రాత్రి పెరగడం, దద్దుర్లు లేకపోవడం. ఈ నాలుగూ కలిస్తే ముందు లివర్ సంగతి చూడాలి. గర్భిణుల్లో పెరిగే హార్మోన్ల వల్ల కొందరికి లివర్‌లో తయారైన పైత్యరసం సాఫీగా పేగుల్లోకి దిగదు, అందులోని బైల్ యాసిడ్స్ రక్తంలోకి చేరతాయి, దురద అక్కడి నుంచి వస్తుంది. దీన్ని కొలెస్టాసిస్ అంటారు. ఇంగ్లాండ్ లెక్కల్లో వెయ్యి మంది గర్భిణుల్లో ఏడుగురికి ఇది వస్తే, అక్కడే ఉంటున్న భారత, పాకిస్తాన్ మూలాలున్న ఆడవాళ్లలో 12 నుంచి 15 మందికి వస్తోంది. అంటే మనకి దాదాపు రెట్టింపు.

రెండు రక్తపరీక్షలు అడగండి: లివర్ ఫంక్షన్ టెస్టు, సీరం బైల్ యాసిడ్స్. రెండోదానికి చిన్న ఊళ్లలో శాంపిల్ బయటికి పంపుతారు, రిపోర్టుకు ఒకట్రెండు రోజులు పట్టొచ్చు. ఆలస్యం చేయొద్దంటున్నది అందుకు కూడా. బైల్ యాసిడ్స్‌కి చాలా ల్యాబులు పై హద్దు 10 అని వేస్తాయి, అది మామూలు మనుషులకు. గర్భిణికి దురదతో పాటు 19, ఆ పైన ఉంటే కొలెస్టాసిస్ అని చూస్తాం. 40 దాటితే జాగ్రత్త పెంచుతాం. 100 దాటితేనే బిడ్డ కడుపులోనే పోయే ప్రమాదం నిజంగా పెరుగుతుంది, సుమారు నూటికి మూడు దాకా, అందుకే అప్పుడు 35, 36 వారాలకే కాన్పు చేసేస్తారు. తక్కువగా ఉంటే మామూలు గర్భానికీ దీనికీ పెద్ద తేడా ఉండదు. ఇది చెప్తున్నది మిమ్మల్ని టెన్షన్ పెట్టడానికి కాదు, ఆ అంకె చేతిలో లేకుండా ‘ఏం కాదులే’ అనే హక్కు మీ అమ్మగారికీ లేదు, నాకూ లేదు. ఇంకో మాట, మొదటిసారి రిపోర్టు నార్మల్ వచ్చినా దురద తగ్గకపోతే మళ్లీ చేయించాలి, ఎందుకంటే దురద ముందొచ్చి అంకెలు తర్వాత పెరగడం మామూలే.

మందంటే అర్సో అని పిలిచే మాత్ర రాస్తుంటారు. 2019లో ఫలితాలు వెలువడిన ఇంగ్లాండ్, వేల్స్ అధ్యయనంలో 605 మంది మీద పరీక్షిస్తే బిడ్డకు చేసే మేలు కనబడలేదు, దురద మాత్రం కొంచెం తగ్గింది. రాస్తే వాడండి, దాన్నే నమ్ముకుని చెకప్‌లు మానకండి. బిడ్డ కదలికలు తగ్గినట్టనిపిస్తే అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి. మూత్రం ముదురు రంగులోకి మారినా, మలం తెల్లగా పాలిపోయినా, కళ్లు పచ్చబడినా ఆ రోజే చూపించుకోవాలి. కామెర్లనుకుని ఎవరైనా పసరు పోయిస్తామంటే ససేమిరా ఒప్పుకోవద్దు, అసలే అలిసిపోయిన లివరది.

ఈలోపు రాత్రుళ్లు కాస్త నిద్ర పట్టాలి కదా. వేడినీళ్లు మానేసి గోరువెచ్చనివే పోసుకోండి, సున్నిపిండి కొన్నాళ్లు పక్కన పెట్టండి, ఒళ్లు తడిగా ఉండగానే కొబ్బరినూనె రాయండి. వేపనీళ్లు మందు మాత్రం కాదని అత్తయ్యగారికి మెల్లగా చెప్పండి. కాలమైన్ లోషన్ ఫ్రిజ్‌లో పెట్టి రాస్తే కొందరికి హాయిగా ఉంటుంది. పడుకునే ముందు తడిగుడ్డ పాదాలకు చుట్టుకోండి, గోళ్లు కత్తిరించుకోండి. దురదకు మాత్రలు డాక్టరు రాస్తేనే. ఇక ఆ కొబ్బరిపీచు పట్టా లోపల పెట్టించేయండి, చర్మం చిట్లితే పుండు పడుతుంది.

కాన్పు అయ్యాక దురద దానంతటదే పోతుంది. అయినా నెల దాటాక లివర్ టెస్టు మళ్లీ చేయించాలి, వచ్చే కాన్పులో ఇది తిరగబెట్టే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ డాక్టరుకు మొదటి రోజే చెప్పాలి. గర్భనిరోధక మాత్రలు రాసేటప్పుడు కూడా ఈ సంగతి చెప్పండి.

ప్రశ్న: నాకు 36వ వారం, కవలలు. పొట్ట మీద సాగిన చారల్లో ఎర్రటి దద్దుర్లు లేచి తొడలకు పాకాయి. బొడ్డు చుట్టూ మాత్రం లేవు. పిల్లలకు ప్రమాదమా?
(ఒక పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: చారల్లో మొదలై బొడ్డును వదిలేసే దద్దుర్లు తొలికాన్పులో, అందులోనూ కవలలుంటే, చివరి వారాల్లో తరచూ వస్తాయి. దురద భరించలేనట్టుంటుంది గానీ పిల్లలకు హాని ఉండదు, కాన్పయ్యాక వారాల్లో మానిపోతాయి. అయినా ఒకసారి డాక్టరుకు చూపించండి. అదే బొడ్డు చుట్టూ మొదలై నీటిబొబ్బలు లేస్తే వేరే జబ్బు, వెంటనే చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి. డాక్టరు తక్కువ పవరున్న స్టెరాయిడ్ క్రీము రాస్తే భయం లేకుండా రాసుకోవచ్చు. మెడికల్ షాపులో ‘దురదకి ట్యూబ్ ఇవ్వు బాబూ’ అంటే మాత్రం తామరకు, గజ్జికి, అన్నిటికీ కలిపిన, గట్టి స్టెరాయిడ్ కూడా వేసిన ట్యూబులు చేతిలో పెడతారు. అవి పొట్టకు రాయకండి.