ఎలుగుకు మన వాసన తెలియాలి

(అడవి, జంతువులపై పాఠకుల ప్రశ్నలకు శ్రీకాకుళానికి చెందిన ఒక విశ్రాంత అటవీ రేంజ్ అధికారి జవాబులు)

ప్రశ్న: రేంజరు గారికి నమస్కారం. మందస మండలంలో మాకు జీడితోట ఉంది. మా మేనల్లుడు అమెరికాలో విస్కాన్సిన్‌లో ఉంటాడు. అక్కడ లైసెన్సు తీసుకుని విల్లుతో జింకల వేటకు వెళ్తాడు. చెట్టు మీద కూర్చున్నప్పుడు తలపైన ఓజోన్ యంత్రం తగిలించుకుంటే జింకకు మనిషి వాసన తెలియదట. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒకటి తెస్తానంటున్నాడు. మా తోటలోకి ఎలుగుబంట్లు వస్తున్నాయి. ఆ యంత్రం పెట్టుకుంటే వాటికి మా జాడ తెలియకుండా తెల్లవారుజామున జీడిపిక్కలు ఏరుకోవచ్చా? అసలది నిజంగా పనిచేస్తుందా?
— ఒక జీడి రైతు

జవాబు: తేవద్దని చెప్పండి. ఆ బరువుకు సరిపడా పిల్లలకు చాక్లెట్లు తెమ్మనండి. కారణం చెబుతాను గానీ, మీరు ఆసక్తిగా అడిగారు కాబట్టి ముందు యంత్రం సంగతి చూద్దాం.

అది బ్యాటరీతో నడిచే చిన్న పెట్టె. లోపల అధిక వోల్టేజి విద్యుత్తు గాలిలోని ఆక్సిజన్‌ను విడగొట్టి, మూడేసి పరమాణువులు కలిసిన ఓజోన్‌గా మారుస్తుంది. ఒక ఫ్యాను దాన్ని బయటికి ఊదుతుంది. పిడుగు పడిన తరువాత, పాత జిరాక్సు దుకాణంలో అడుగు పెట్టినప్పుడు ముక్కుకు తగిలే ఘాటు ఆ వాయువుదే. ఓజోన్ గాలికన్నా బరువు. అందుకే యంత్రాన్ని వేటగాడి తలపైన కట్టి, గాలి పోయే దిక్కుకు తిప్పి పెడతారు. మనిషి వాసనను మోసుకుపోయే గాలిలో ఓజోన్ కలిసి, ఆ వాసన పదార్థాలను దారిలోనే విరగ్గొడుతుందని అమ్మేవారు చెప్పే మాట.

ఇందులో సగం నిజం. చెమటను బ్యాక్టీరియా తిన్నప్పుడు పుట్టే వాసన పదార్థాలు కొన్నింటిని ఓజోన్ నిజంగానే కోసేస్తుంది. అయితే కోసిన ముక్కలు ఎక్కడికీ పోవు. మన చర్మపు జిడ్డులో స్క్వాలీన్ అనే నూనె పదార్థం ఉంటుంది. జిడ్డుకు ఓజోన్ తగిలితే కొత్తగా ఆల్డిహైడ్లు, కీటోన్లు తయారవుతాయి. వాటిలో డెకనాల్ అనేది నారింజ తొక్క వాసనలోనూ ఉంటుంది. అంటే మనిషి వాసన మాయం కాలేదు, వేషం మార్చింది. పైగా ఆరుబయట గాలి వీస్తుంటే వాసన, ఓజోన్ కలిసి ఉండేది కొద్ది క్షణాలు. రసాయన చర్య పూర్తి కావడానికి ఆ వ్యవధి చాలదు. మూసిన గదిలో వేట దుస్తులను ఓజోన్‌లో ఉంచడం వేరు, కొమ్మ మీద కూర్చుని గాలిలోకి వదలడం వేరు.

ఇక మీ ఊపిరితిత్తుల మాట. ఇళ్లలో వాడే ఓజోన్ యంత్రాల గురించి అమెరికా పర్యావరణ సంస్థ ఎప్పటినుంచో హెచ్చరిస్తూనే ఉంది. ఆరోగ్యానికి హాని చేయని మోతాదులో ఓజోన్ గదిలోని కాలుష్యాన్ని పెద్దగా తొలగించలేదని ఆ సంస్థ చెబుతుంది. మన దేశంలో 2009 ప్రమాణాల ప్రకారం గాలిలో ఓజోన్ ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. తోటలో తలకు అడుగు దూరంలో యంత్రం పెట్టుకుని, వంగి లేస్తూ ఆయాసపడుతూ పిక్కలు ఏరే మనిషి పీల్చేది ఎంతో ఎవరు కొలుస్తారు? ఉబ్బసం ఉన్నవారైతే దాని దరికే పోకూడదు. రబ్బరుకు కూడా ఓజోన్ పడదు, సాగదీసి ఉంచిన రబ్బరు బీటలు వారుతుంది.

మీ మేనల్లుడి దగ్గర బొగ్గుపొర దుస్తులు కూడా ఉండే ఉంటాయి. ఉత్తేజిత కార్బన్ వాసనను పట్టి ఉంచుతుందన్నది వాస్తవమే. అయితే ఊపిరి సంగతేమిటి? ముఖం, బూట్లు, జుట్టు సంగతేమిటి? 2002లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో అటువంటి దుస్తులు వేసుకుని దాక్కున్నవారిని శిక్షణ పొందిన కుక్కలతో వెతికించారు. అవి దాదాపు అందరినీ పట్టేశాయి. అందుకే అక్కడ అనుభవం గల వేటగాళ్లు ఎన్ని యంత్రాలు కొన్నా, చిన్న సీసాలోంచి వాసన లేని పొడిని గాలిలోకి నొక్కి, అది ఎటు తేలిపోతుందో చూసుకునే కూర్చుంటారు. గాలి జింక వచ్చే దారి నుంచి వేటగాడి వైపు వీయాలి. అదొక్కటి కుదిరితే యంత్రం ఉన్నా లేకున్నా ఒకటే. కుదరకపోతే యంత్రం ఆదుకుంటుందన్న నమ్మకం నాకు లేదు.

ఇప్పుడు మీ తోటకు వద్దాం. మీ మేనల్లుడిది జింకను దగ్గరికి రానివ్వాలన్న పని, మీది ఎలుగును దగ్గరికి రానివ్వకూడదన్న పని. ఎలుగు మనిషిని తినడానికి రాదు. పక్కన మనిషి ఉన్నాడని తెలియక, తెలిసేసరికి నాలుగడుగుల దూరంలో ఉండటం వల్ల బెదిరి మీద పడుతుంది. పిల్లలున్న తల్లి అయితే చెప్పనక్కరలేదు. మన ప్రాంతంలో ఎలుగు గాయాలకు ఎక్కువగా ముఖమూ తలే గురి అవుతాయి. నేను ఆసుపత్రి వరండాల్లో చూసినవి ఇక్కడ రాయను.

ఎలుగు చెదపుట్టను తవ్వి తినడం దగ్గరనుంచి చూస్తే ప్రమాదం ఎక్కడుందో అర్థమవుతుంది. దానికి పైదవడలో మధ్య పళ్లు రెండు ఉండవు. ఆ సందుగుండా, పెదవులు ముందుకు చాచి, చెదలను గాలితో పాటు బలంగా పీల్చుకుంటుంది. మట్టి ముక్కులోకి పోకుండా ముక్కురంధ్రాలు మూసుకుంటుంది. ఆ పీల్చుడు చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. అంటే ఆ సమయంలో దాని తల గోతిలో ఉంటుంది, ముక్కు మూసి ఉంటుంది, చెవుల నిండా తన చప్పుడే. నేల లోపలి పురుగును పసిగట్టే ముక్కు కూడా ఆ కాసేపు మీ రాకను చెప్పలేదు. మిగతా వేళల్లో అయినా చెబుతుంది కదా అంటే, మీరు యంత్రం పెట్టి దాన్ని కూడా ఆపేస్తానంటున్నారు!

నేను పనిచేసే రోజుల్లో సీతంపేట కొండల నుంచి వచ్చిన ఒక సవర గిరిజన పెద్దాయన మాకు వాచరుగా ఉండేవాడు. పొద దగ్గరికి వెళ్లే ముందు ఆగి చుట్ట వెలిగించేవాడు. పొగ ఎటు పోతోందో చూసి, అది తనకన్నా ముందు వెళ్లే వైపు నుంచే పొదలోకి దిగేవాడు. ఎలుగుకు కబురు పెడుతున్నాను బాబూ అనేవాడు. చుట్ట తాగమని సలహా ఇవ్వడం లేదు గానీ, ఆ పద్ధతి మాత్రం పట్టుకోండి.

మీ ఉద్దానం తీరప్రాంతంలో అది కష్టం కాదు. ఆకాశం తేటగా ఉన్న రాత్రి, తెల్లవారుజామున నేల చల్లబడి, గాలి సాధారణంగా కొండల వైపు నుంచి సముద్రం వైపు మెల్లగా కదులుతుంది. ఎండ ఎక్కాక సముద్రపు గాలి మళ్లుతుంది. కాబట్టి ఉదయం తోటలోకి పడమటి గట్టు నుంచి, మధ్యాహ్నం తరువాత తూర్పు గట్టు నుంచి దిగండి. మీ వాసన మీకన్నా ముందు తోటంతా తిరుగుతుంది. పిడికెడు మెత్తని దుమ్ము వదిలి చూసుకుని మరీ దిగండి, తుపానుల కాలంలో ఈ లెక్క తప్పుతుంది. మంచు పట్టి ఆకు కదలని ఉదయాల్లో వాసన ఎటూ పోదు. ఆ రోజున వెలుతురు బాగా వచ్చేదాకా ఆగాల్సిందే. ఒంటరిగా వెళ్లకండి, మాట్లాడుకుంటూ వెళ్లండి, కర్రతో చెట్టు మొదలు తడుతూ నడవండి. పండిన పనసకాయలు చెట్టు కింద వదిలేయకండి. జీడిపండ్లు కూడా పిక్క తీశాక కుప్పగా పోసి వదలడం ఎలుగుకు విందు పిలుపే.

మేనల్లుడికి ఇంకో మాట. విస్కాన్సిన్ అలవాటు మందసలో చూపించవద్దని చెప్పండి. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎలుగు మొదటి షెడ్యూలులో ఉంది. చంపితే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల వరకు జైలు.

ప్రశ్న: తేలినీలాపురంలో పెలికాన్లను ఫోటోలు తీయాలనుకుంటున్నాను. ఒంటి వాసన తెలియకుండా ఏ స్ప్రే వాడాలి?
— పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్, టెక్కలి

జవాబు: ఏదీ వద్దు. అవి మిమ్మల్ని కనుక్కునేది కళ్లతో. పెళ్లికి వేసుకునే మెరిసే చొక్కా ఇంట్లో పెట్టి రండి. గూళ్ల మీదికి డ్రోన్ మాత్రం ఎగరేయకండి, పిల్లలు కింద పడతాయి.

ప్రశ్న: కురుపాం దగ్గర మా కళ్లం. ఏనుగులు వస్తున్నాయి. మనిషి వాసన తెలియకుండా ధాన్యం దగ్గర కాపలా పడుకునే ఉపాయం ఉందా?
— ఒక రైతు

జవాబు: లేదు, వెతకవద్దు. (మీరు విజయనగరం జిల్లా అని రాశారు. 2022 ఏప్రిల్ నుంచి మీది పార్వతీపురం మన్యం. అర్జీలు అక్కడికే పెట్టండి.) వాసనను గుర్తించే జన్యువులు మనిషిలో దాదాపు 400 పనిచేస్తుంటే, ఆఫ్రికా ఏనుగులో దాదాపు 2,000 ఉన్నట్టు 2014లో తేలింది. కుక్కలో కూడా అందులో సగం లేవు. కెన్యాలోని అంబోసెలిలో ఇంకో విశేషం చూశారు. ఏనుగులను ఈటెలతో పొడిచే మసాయి యువకులు తొడిగిన గుడ్డ వాసనకూ, వ్యవసాయం చేసుకునే కాంబా మగవారు తొడిగిన గుడ్డ వాసనకూ తేడా పట్టి, మొదటిదానికే ఎక్కువ భయపడి పారిపోయాయి. 2007లో ఈ ఫలితం ప్రచురించారు. మన ఏనుగులు ఆసియావి. ముక్కు విషయంలో వాటిని తక్కువ అంచనా వేయడానికి మాత్రం కారణం లేదు.

అయినా ఏనుగు మీ కళ్లానికి వచ్చేది మీ వాసనకు కాదు, ధాన్యం వాసనకు. ఇంట్లో నాటుసారా, ఇప్పపువ్వు, ఉప్పు బస్తా ఉంటే వాటికీ వస్తుంది, గోడ అడ్డం కాదు. నూర్చిన ధాన్యాన్ని రాత్రి కళ్లంలో ఉంచకుండా వీలైనంత త్వరగా ఊళ్లోకి చేర్చండి. కుప్ప పక్కన పడుకోవద్దు. పేడ గానీ అడుగు గానీ కనబడగానే అటవీ శాఖ ట్రాకర్లకు ఫోను చేయండి, మరునాటి దాకా ఆగవద్దు.