అమ్మది జాతకం, మీది పర్సనాలిటీ టెస్ట్

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. నాకు 28 ఏళ్లు, గచ్చిబౌలిలో ఉద్యోగం. కొన్ని నెలలుగా మాట్లాడుకుంటున్న ఒక సంబంధం నాకు నచ్చింది. కానీ అమ్మ నమ్మే సిద్ధాంతి గారు 36కి 14 గుణాలే కలిశాయని, అబ్బాయికి కుజదోషం ఉందని చెప్పడంతో అమ్మ వద్దంటోంది. అక్కకి 27 కలిశాయని చేస్తే, పెళ్లయ్యాక బావ అప్పులు బయటపడి రెండేళ్లకే ఇంటికి వచ్చేసింది. అయినా అమ్మ మారలేదు. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. కాకపోతే మా ఆఫీసులో పర్సనాలిటీ టెస్ట్ పెడితే నాకు ఐఎన్‌ఎఫ్‌జే అనే రకం వచ్చింది (నాలుగు ఇంగ్లిష్ అక్షరాల్లో మన స్వభావం చెప్పే టెస్ట్ అది), నన్ను చూసి రాసినట్టే ఉంది. అబ్బాయితోనూ రాయిస్తే ఈఎస్‌టీపీ వచ్చింది. ఈ రెండు రకాలకీ పడదంటున్నారు. ఇప్పుడు నాకూ భయంగా ఉంది. అమ్మను ఎలా మార్చాలి?

జవాబు: అమ్మ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీ సంగతి. అమ్మ 14 గుణాలని ఆగిపోయారు, మీరు నాలుగక్షరాల దగ్గర ఆగిపోయారు. నాకైతే పెద్ద తేడా కనిపించడం లేదు, కోప్పడకండి.

నన్ను చూసి రాసినట్టే ఉంది అన్నారు కదా, అక్కడే ఉంది అసలు కిటుకు. 1948లో అమెరికాలో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే సైకాలజీ మాస్టారు తన క్లాసులో 39 మందికి ఒక టెస్ట్ పెట్టి, వారం తర్వాత ఎవరి ఫలితం వాళ్లకి విడిగా ఇచ్చి, మీకు ఎంతవరకు సరిపోయిందో 5కి మార్కులు వేయమన్నాడు. సగటున 4 దాటింది. తీరా చూస్తే అందరి చేతిలో ఉన్నది ఒకటే కాగితం, అందులో చాలా వాక్యాలు ఆయన బజార్లో అమ్మే జ్యోతిషం పుస్తకంలోంచి తీసుకున్నవి. పైకి ధైర్యంగా కనిపించినా లోపల టెన్షన్ పడతారు, ఒక్కోసారి అందరితో కలిసిపోతారు, ఒక్కోసారి మీలో మీరే ఉండిపోతారు, ఇలాంటివి. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా మెట్రోలో ఎవరిని అడిగినా అది నేనే అంటారు.

ఇంకో విషయం, మీ టెస్ట్‌ని తయారుచేసింది కూడా ఒక తల్లీకూతుళ్లే, కేథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మయర్స్. ఇద్దరూ సైకాలజీ చదువుకున్నవాళ్లు కాదు, 1921లో స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ రాసిన పుస్తకం ఆధారంగా అల్లుకొచ్చారు. అందులో ఒక్కో అక్షరం ఒక్కో లక్షణానికి, కలుపుగోలుతనం లాంటి ఏ లక్షణంలోనైనా ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు, ఆ టెస్టేమో గీత గీసి అటో ఇటో తోసేస్తుంది, అందుకే కొన్ని వారాలాగి మళ్లీ రాస్తే చాలామందికి ఒక్క అక్షరమైనా మారిపోతుంది. దాంతో సంబంధం వదులుకుంటారా?

జాతకాలకూ పరీక్ష పెట్టారు. పుణేలో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం బాగా చదివే పిల్లలవీ, మానసిక ఎదుగుదల లేని పిల్లలవీ జాతకాలు కలిపి, ఏది ఎవరిదో చెప్పమని 27 మంది జ్యోతిష్కులకు తలా 40 ఇచ్చింది. 2009లో ఫలితాలు వేస్తే 46 శాతం సరిపోయాయి, నాణెం ఎగరేసినా ఇంచుమించు అంతే వచ్చేది. కానీ దయచేసి ఇది అమ్మకి వాట్సాప్‌లో పంపకండి. లాభం లేదు.

ఎందుకంటే అక్క విషయంలో 27 గుణాలు తప్పిపోయినా అమ్మ నమ్మకం తప్పలేదు. నా అంచనా ప్రకారం మీ ఇంట్లో, పుట్టిన టైమ్ సరిగ్గా రాసుకోలేదనో, ఆ పంతులు గారు సరిగ్గా చూడలేదనో అని ఉంటారు. మన చేతిలో ఏమీ లేదనిపించినప్పుడు మనిషి గందరగోళంలో కూడా లెక్కలు వెతుక్కుంటాడు, 2008లో దీని మీద ప్రయోగాలు కూడా చేశారు. కూతురు పెట్టె సర్దుకుని ఇంటికొచ్చిన రోజు అమ్మకి అంతకంటే ఏమనిపించి ఉంటుంది? ఈసారి పొరపాటు తన వల్ల కాకూడదు, ఆవిడ భయం అంతే. మీ భయమూ అదే, మీ ఉత్తరంలో అక్క గురించి రాసింది ఒకటి రెండు వాక్యాలే కానీ మిగతా అంతా దాని నీడలోనే ఉంది.

కాబట్టి అక్కని కూడా కూర్చోబెట్టుకుని ముగ్గురూ మాట్లాడుకోండి. జాతకం ఊసెత్తకండి. అప్పుడు మనం ఏం అడగలేదు, ఇప్పుడు ఏం అడగాలి అన్నది మాత్రమే. బావగారి అప్పుల సంగతి నక్షత్రాలు చెప్పలేదు, మీ టెస్టూ చెప్పదు, అడిగితేనే తెలుస్తుంది. అబ్బాయీ మీరూ ఒకరికొకరు అప్పుల చరిత్ర చెప్పే సిబిల్ రిపోర్టులు చూపించుకోండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు. ఈఎంఐలు ఎన్ని, ఇంటికి ఎంత పంపుతారు, రేపు మీ అమ్మ మీ దగ్గరికి వచ్చి ఉంటే ఆయనకి సరేనా, అన్నీ అడగండి. మీరు ఒకదానికి కాదన్నప్పుడు ఆయన ముఖం ఎలా మారుతుందో చూడండి, అది చూస్తే మీకు చాలా విషయాలు తెలిసిపోతాయి. ఆయన తీరు నచ్చకపోతే నిక్షేపంగా వద్దనండి.

అమ్మ మనశ్శాంతి కోసం కుజదోషానికి శాంతి చేయిద్దామంటే, ఒక పూట పని కాబట్టి కూర్చోండి, వేలకు వేలు అడిగితే మాత్రం వద్దనడానికి మొహమాటపడకండి. ముహూర్తం కూడా ఆ సిద్ధాంతి గారినే పెట్టమనండి. శ్రావణమాసంలో పెట్టారంటే హైదరాబాద్‌లో ఫంక్షన్ హాల్ దొరకడం కష్టం, అది ముందే చూసుకోండి.