పాతగా కనిపించాలనే కొన్నారు సరే, పొరలు ఊడితే బాధ్యత ఎవరిది?

ప్రశ్న: లాయర్ గారూ, మాది విజయవాడ. బుల్లెట్ మీద రాత్రి ప్రయాణాలన్నా, సినిమాల్లో హీరోలు వేసుకునే తోలు జాకెట్లన్నా నాకు పిచ్చి. ఇండియానా జోన్స్‌గా హారిసన్ ఫోర్డ్ వేసుకున్న బ్రౌన్ జాకెట్ లాంటిది ఒకటి ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో కనిపిస్తే రూ.38,500 పెట్టి కొన్నాను. అమ్మినవాళ్లది ముంబయి. ‘నూటికి నూరు శాతం ఫుల్ గ్రెయిన్ గొర్రె తోలు, సినిమాలోలాగే చేత్తో ఏజింగ్ చేసినది, వాడేకొద్దీ అందం పెరుగుతుంది’ అని ప్రకటనలో ఉంది. మూడు వారాలకే మోచేతుల దగ్గర పొరలు ఊడి లోపలి గుడ్డ కనిపిస్తోంది. కాలర్ రంగు తెల్ల చొక్కాకు అంటుకుంది. నెల తిరక్కుండానే మెయిల్ పెట్టాను. ‘ఇది డిస్ట్రెస్డ్ జాకెట్, అరిగినట్టు ఉండటమే దీని స్టైల్, వాపసు తీసుకోం, వివాదాలేవైనా ముంబయి కోర్టుల్లోనే’ అని జవాబిచ్చారు. ఫొటోలతో రివ్యూ పెడితే పరువు నష్టం దావా వేస్తామంటున్నారు. పైగా అది సినిమాలో జాకెట్‌లా అస్సలు లేదు. నేనేం చేయాలి?

జవాబు: మీరు చివర్లో రాసిన మాటను ముందు పక్కన పెట్టేద్దాం. ‘సినిమాలో జాకెట్‌లా లేదు’ అనే వాదన మీ కేసులో అన్నిటికంటే బలహీనమైనది. వినియోగదారుల కమిషన్ ముందు దాన్ని మొదట ఎత్తితే అవతలి లాయర్‌కు పండగే.

ఎందుకంటే సినిమాలో మనం చూసే పాతదనం కూడా చేసిపెట్టిందే. 1981లో వచ్చిన ఆ మొదటి సినిమాకు దుస్తులు రూపొందించిన డెబోరా నాడూల్మన్ కొత్త జాకెట్‌ను ఉక్కు బ్రష్షుతోనూ, హారిసన్ ఫోర్డ్ జేబు కత్తితోనూ గీకి, రుద్ది పాతదానిలా మార్చారు. ఇలాంటి పనికి సినిమావాళ్లు గరుకు కాగితం వాడతారు, స్పిరిట్‌తో పై మెరుపు తీస్తారు, జేబుల్లో బరువులు పెట్టి సాగదీస్తారు, మట్టి పొడి అద్దుతారు. హీరోకు, ఫైట్లలో డూప్‌కు కలిపి ఒకే జాకెట్ నకళ్లు చాలా ఉంటాయి, వాటి అరుగుదల ఒక్కో సీనుకు ఒక్కోలా ఉంటుంది. మీరు పోలిక పెట్టేది ఏ సీనులోని ఏ జాకెట్‌తో? ‘సినిమాలోలాగే’ అన్న మాటను కమిషన్ వ్యాపారి గొప్పలుగా తీసుకునే అవకాశమే ఎక్కువ. పాతదానిలా చేసిన కొత్త సరుకని తెలిసే కొన్నారు కాబట్టి, కొత్తదాన్ని పాతదని చెప్పి మోసం చేశారని అనడానికీ వీల్లేదు.

మీ బలమంతా ‘ఫుల్ గ్రెయిన్ గొర్రె తోలు’, అంటే పై పొరను చెక్కకుండా ఉంచిన అసలు తోలు, అన్న మాటలో ఉంది. అది అభిప్రాయం కిందికి రాదు. నిజమో అబద్ధమో పరీక్షలో తేలిపోయే వాస్తవం.

అసలు తోలు అరిగే తీరు వేరు. ముంజేతి అంచులు, జేబు నోళ్లు, మోచేతి మడతలు, అంటే చెయ్యి తగిలే చోట, ఒరుసుకునే చోట ముందు రంగు పలచబడుతుంది. లోపలి తోలు రంగు మెల్లగా బయటపడుతుంది, గీతలు పడతాయి, నునుపు తేలుతుంది. ఏళ్లు వాడితే చిరగనూ వచ్చు. అంతేగానీ పొట్టులా లేచి కింద నేసిన గుడ్డ కనిపించదు. గుడ్డ కనిపించిందంటే పైనున్నది ఏదో పూత అయి ఉండాలి. మన భాషలో చెప్పాలంటే రెగ్జిన్, లేదా తోలు పొడిని గుడ్డ మీద అంటించి పైన ప్లాస్టిక్ పూత పూసిన రకం. అయితే ఒకటి చూసుకోండి. మీకు కనిపించిన గుడ్డ జాకెట్ లైనింగ్ కాదు కదా? తోలు చిరిగి లైనింగ్ బయటపడినా, పూత ఊడి దానికి అతికిన గుడ్డ బయటపడినా ఫొటోలో ఒకేలా ఉంటాయి. కేసులో మాత్రం ఆ రెండింటికీ చాలా తేడా ఉంది.

ఇక చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(47) సరుకు నాణ్యత, దేనితో తయారైంది అన్న విషయాల్లో అబద్ధం చెప్పి అమ్మడాన్ని అనుచిత వ్యాపార విధానం అంటుంది. అసలైనదని అబద్ధం చెప్పి అమ్మే సరుకు సెక్షన్ 2(43) ప్రకారం నకిలీ సరుకు. బిల్లులో గడువేదీ లేకపోతే లోపమున్న వస్తువును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవడానికి నిరాకరించడమూ అనుచిత వ్యాపార విధానమే. మీరు నెలలోపే మెయిల్ పెట్టారు, అది మంచి పని. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు సరుకులో లేకపోతే అమ్మకందారు వాపసుకు గానీ, డబ్బు తిరిగివ్వడానికి గానీ నిరాకరించకూడదు. ‘డిస్ట్రెస్డ్ వాపసు లేదు’ అన్న షరతు దీని ముందు నిలవదు. అరిగినట్టు కనిపించే స్టైల్‌కు మీరు ఒప్పుకున్నారు తప్ప తోలు బదులు రెగ్జిన్ తీసుకోవడానికి ఒప్పుకోలేదు.

రంగు అంటుకున్న సంగతి అంత సులువు కాదు. చేత్తో రంగు పట్టించిన తోలు మొదట్లో కాస్త వదలడం మామూలే, ‘కొంచెం రంగు వదలవచ్చు’ అన్న హెచ్చరిక ట్యాగ్ మీద ఉందేమో చూడండి. ఉంటే ఆ అంశాన్ని అదనపు ఫిర్యాదుగానే ఉంచండి. విజయవాడ ఎండలో, చెమటలో వాడటం వల్లే పాడైందని కూడా వాళ్లు అంటారు. మీవి రాత్రి ప్రయాణాలు కాబట్టి ఎన్నాళ్లు, ఎప్పుడెప్పుడు వేసుకున్నారో అఫిడవిట్‌లో ఉన్నదున్నట్టు రాయండి.

ఇప్పటి నుంచి ఆ జాకెట్‌ను కేసులో సాక్ష్యంగా చూడాలి. వేసుకోవద్దు, పాలిష్ పెట్టొద్దు, కుట్టించొద్దు. యూట్యూబ్‌లో చూపించినట్టు లైటర్‌తో అంచు కాల్చి చూడటం అస్సలు వద్దు. ‘ఫిర్యాదుదారే పాడుచేశాడు’ అనే వాదన వాళ్లకు మీరే చేతిలో పెట్టినట్టవుతుంది. ఊడిన పొట్టును కవర్లో దాచండి. ప్రకటన పేజీ పూర్తి స్క్రీన్‌షాట్లు ఈరోజే తీసుకోండి, అమ్మకందారులు వివరణను రాత్రికి రాత్రి మార్చేస్తుంటారు. వాటితోపాటు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ పత్రం, కూడా జతచేస్తే మంచిది.

పరీక్షకు మీరే సొంతంగా పంపొచ్చు. తోలు విషయంలో చెన్నై అడయార్‌లోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ మాటకు విలువ ఎక్కువ. అయితే నేనైతే ఫిర్యాదులోనే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద పరీక్ష కోరతాను. కమిషనే నమూనా తీసుకుని, సీలు వేసి, తగిన ల్యాబ్‌కు పంపుతుంది, కాబట్టి నమూనా మార్చారని తర్వాత ఎవరూ అనలేరు. ఫీజు మాత్రం ముందు మీరే కట్టాలి. నమూనాను కింది అంచు లోపలి మడత నుంచి తీయమని కోరండి, ఏజింగ్ కోసం గీకిన చోటి నుంచి వద్దు.

‘ముంబయి కోర్టులే’ అన్న మాటకు టెన్షన్ పడకండి. సెక్షన్ 34 మీరు నివసించే చోటే ఫిర్యాదు వేసే హక్కు ఇచ్చింది, కాబట్టి విజయవాడలోని జిల్లా కమిషన్ సరిపోతుంది. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా వేయొచ్చు, లాయర్ తప్పనిసరి కాదు. ఒక్క జాగ్రత్త. ఆవేశంలో ‘అన్యాయమైన ఒప్పందం’ అని రాసి ఆ షరతును రద్దు చేయమని అడగొద్దు. దాన్ని విచారించే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లమంటారు.

ముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి. మార్కెట్‌ప్లేస్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కూ రాయండి. ఆయన 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. చాలా కేసులు ఇక్కడే తెగిపోతాయి. తెగకపోతే 15 రోజుల గడువుతో నోటీసు ఇచ్చి, అమ్మకందారును మొదటి ప్రతివాదిగా, మార్కెట్‌ప్లేస్‌ను రెండో ప్రతివాదిగా పెట్టండి. ‘మేం వేదిక మాత్రమే’ అని మార్కెట్‌ప్లేస్ తప్పించుకోవచ్చు గానీ, అమ్మకందారు అసలు పేరు, చిరునామా బయటికొచ్చేది వాళ్ల నుంచే. కమిషన్ నోటీసు అందాక ప్రతివాదులు 30 రోజుల్లో, మహా అయితే మరో 15 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. పరీక్ష అవసరమైన కేసు 5 నెలల్లో తేలాలని చట్టం అంటుంది, ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది.

జాకెట్ ధర, వడ్డీ, పరీక్ష ఖర్చు, మానసిక వేదనకు కొన్ని వేలు, కేసు ఖర్చులు అడగండి. ‘పది లక్షల పరిహారం’ లాంటివి రాస్తే మీ మాట మీద నమ్మకం తగ్గుతుందే తప్ప డబ్బు పెరగదు. ఏదడిగినా కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపే.

ఇక రివ్యూ. మీ ఫొటోలు, మీరు కట్టిన డబ్బు, వాళ్ల జవాబు, ఇవి నిజాలు. పరువు నష్టం దావాలో నిజం గట్టి రక్షణ, క్రిమినల్ ఫిర్యాదు పెట్టినా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356లోని మినహాయింపులు ఉన్నాయి. కాబట్టి రివ్యూ తీసేయనక్కర్లేదు. కానీ ‘దొంగలు’, ‘మోసగాళ్లు’ లాంటి మాటలు రాసి ఉంటే ఈ రాత్రే దిద్దండి. ల్యాబ్ రిపోర్టు రాకముందే ‘ఇది రెగ్జిన్’ అని తేల్చి చెప్పడం కూడా తొందరపాటే. ‘మూడు వారాలకు పూత ఊడి గుడ్డ కనిపించింది’ అని రాస్తే చాలు, చూసినవాళ్లకు ఫొటో మిగతాది చెబుతుంది.