చిన్నపిల్లల కిడ్నీలు పెద్దవాళ్లకి సరిపోతాయా? మా ఇంట్లో జరిగింది

జీవన్‌దాన్ (చనిపోయినవాళ్ల అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం) లిస్టులో ఉన్న మీ తమ్ముడిని, చిన్నపిల్లల కిడ్నీలు వస్తే తీసుకుంటారా అని డాక్టరు ముందే అడిగారని, ఇంట్లో అందరూ వద్దంటున్నారని రాశారు. వద్దనకండి. మా ఆయనకి నాలుగేళ్ల కిందట ఇక్కడే విశాఖలో మూడేళ్ల బిడ్డ కిడ్నీలు పెట్టారు. అవే పనిచేస్తున్నాయి.

నాకూ అప్పుడు మీ అనుమానమే. అంత చిన్నవి ఇంత మనిషికి ఏం సరిపోతాయని అడిగితే, సర్జన్ గారు చీటీ వెనక బొమ్మ గీసి చూపించారు: ఒక గొట్టం, దానికి అటూ ఇటూ రెండు చిక్కుడు గింజలు. మరీ చిన్నపిల్లలవైతే ఒక్కటి చాలదని, రెండూ కలిపే పెడతారట. బిడ్డ పెద్ద రక్తనాళాల ముక్కతో సహా తీసి, పొత్తికడుపులో ఒక పక్కన, కాలికి రక్తం తీసుకెళ్లే, తెచ్చే నాళాలకి కుడతారు. మనిషి పాత కిడ్నీలు మామూలుగా ఎక్కడివక్కడే ఉంచేస్తారు. పెట్టినవి లోపల పెరుగుతాయి కూడా. మొదటి స్కాన్‌లో మా ఆయనవి ఒక్కొక్కటి 6 సెంటీమీటర్లు. ఏడాదికి 9 దాటాయి. పెద్దవాళ్ల కిడ్నీ 10, 11 ఉంటుంది.

మా అత్తగారైతే పసిబిడ్డ ప్రాణం తీసి పెడతారేమోనని ఏడ్చారు. అలా కాదండి. బ్రెయిన్ డెత్, అంటే మెదడు ఇక కోలుకోకుండా పూర్తిగా చనిపోయిందని, డాక్టర్ల బృందం కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి తేల్చాలి. 18 ఏళ్లలోపు వాళ్లయితే అమ్మో నాన్నో సంతకం పెట్టాలి. 1994 చట్టంలోనే ఉంది. ఆ సంతకం పెట్టిన తల్లిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సహించదు. ఏ ఊరివాళ్లో మాకు చెప్పలేదు, చెప్పరు కూడా.

టెన్షన్ అంతా మొదటి పదిరోజులే. సన్నటి నాళాలు కదా, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. అందుకే మొదట్లో రోజూ డాప్లర్ స్కాన్ (నాళాల్లో రక్తం పారుతోందో లేదో చూసేది) చేశారు. గంటగంటకీ నర్సమ్మ బ్యాగులో యూరిన్ కొలిచి రాస్తుంటే, నేను ఆ అంకెలే చూస్తూ కూర్చునేదాన్ని. తొమ్మిదో రోజు మూత్రనాళం కుట్టిన చోట లీకయింది. మళ్లీ కోయలేదు. కేథటర్ (యూరిన్ బయటికి తెచ్చే గొట్టం), స్టెంట్ (మూత్రనాళం లోపల పెట్టే సన్న గొట్టం) ఇంకొన్నాళ్లు ఉంచితే మానింది. డయాలసిస్ రోజుల్లో మే నెల ఉక్కపోతలో కూడా నాలుక మీద ఐసుముక్క పెట్టుకుని దాహం ఆపుకున్న మనిషి, మొదటిసారి చెంబెడు నీళ్లు ఆపకుండా తాగారు. నేను పక్కకి తిరిగి ఏడ్చేశాను.

మందులు కిడ్నీ మార్చిన అందరికీ ఇచ్చేవే. ఒళ్లు కొత్త కిడ్నీని తిప్పికొట్టకుండా ఆపే టాక్రోలిమస్ మా ఆయన పొద్దున 8కి, రాత్రి 8కి వేసుకుంటారు, ఒక్కపూట కూడా తప్పరు. బీపీ మాత్రం గట్టిగా అదుపులో ఉండాలి. లేత కిడ్నీల మీద ఒత్తిడి పడకూడదన్నారు.

తమ్ముడి బరువెంత? మా ఆయన అప్పుడు 52 కిలోలు. చిన్న కిడ్నీలకి సన్నగా ఉన్నవాళ్లనే ముందు చూస్తారు. సర్జన్ గారిని ఇలాంటివి ఎన్ని చేశారో, రక్తం గడ్డకట్టకుండా ఏం ఇస్తారో, రాత్రిపూట కూడా డాప్లర్ చేసేవాళ్లు ఉంటారో లేదో అడగండి. అక్కాతమ్ముళ్లు ఇద్దరూ కలిసే వెళ్లండి.