ఆకుపచ్చ సీసాలో తెల్లటి పొర: రంగు ఎక్కడికీ పోలేదు

మనీప్లాంటు పెంచిన మీ పాత ఆకుపచ్చ సీసా లోపల తెల్లటి పొర పట్టిందనీ, సబ్బుతో కడిగినా పోలేదనీ, రంగే వెలిసిపోయిందేమోననీ రాశారు. రంగు గురించి బెంగ వద్దండీ. అసలైన ఆకుపచ్చ గాజుకు రంగు పైపూత కాదు. గాజు కరిగినప్పుడే ఇనుము, క్రోమియం ఆక్సైడ్లు అందులో కలిసిపోతాయి. నీళ్లకు వెలవదు.

ఆ పొర చాలావరకు బోరు నీటిలోని సున్నమే అయి ఉంటుంది. అది సబ్బుకు లొంగదు, పులుపుకు లొంగుతుంది. గోరువెచ్చని నీటిలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కరిగించి, పొర మునిగేదాకా పోసి రాత్రంతా ఉంచండి. పొద్దున గుప్పెడు బియ్యం వేసి గిలకరించి కడగండి. ఇసుక మాత్రం వేయకండి, గీతలు పడతాయి. మరిగే నీళ్లూ వద్దు, పాత గాజు పగిలిపోవచ్చు.

రెండుసార్లు చేసినా, తడిగా ఉన్నప్పుడు మాయమైన పొర ఆరాక మళ్లీ కనిపిస్తే అది మురికి కాదు. ఏళ్ల తరబడి నిలిచిన నీరు గాజులోని సోడియంను లాగేసి లోపలి నునుపును తినేసిందన్నమాట. దానికి ఏ పులుపూ పనిచేయదు, పాలిష్ పట్టించాల్సిందే. నేనైతే అలాంటి సీసాను పారేయను. ఎండు పూలు పెట్టి కిటికీ దగ్గర ఉంచుతాను.