పండు ముట్టని పిల్లాడు: మా ఇంట్లో ఏం పనిచేసిందంటే

మీ బాబుకి నాలుగున్నరేళ్లని, అరటిపండు చూస్తేనే మొహం తిప్పుకుంటాడని, ఆపిల్ ముక్క నోట్లో పెడితే కక్కినంత పని చేస్తాడని రాశారు. మీ అత్తగారు "తల్లి అలవాటు చెయ్యకపోతే పిల్లాడికి ఎక్కణ్ణుంచి వస్తుంది" అంటున్నారని కూడా రాశారు. ముందు ఆ మాట గురించే చెప్తాను. పండు సంగతి కంటే అదే మిమ్మల్ని ఎక్కువ బాధపెడుతున్నట్టుంది.

మాకు ఇద్దరు పిల్లలు. ఒకే ఇల్లు, ఒకే వంట. పెద్దమ్మాయి పాకే వయసులోనే సపోటా గుజ్జు మొహమంతా పూసుకుని తినేది. చిన్నవాడు బడికి వెళ్లే వయసు వచ్చినా మామిడిపండు వాసనకి కుర్చీ దూరం జరుపుకునేవాడు. ఇద్దర్నీ పెంచింది మేమే. 2007లో బ్రిటన్‌లో ఐదు వేలకు పైగా కవల జంటల మీద చేసిన ఒక అధ్యయనం వచ్చింది. కొత్త తిండి అంటే బెదిరే గుణం ఒక్కో పిల్లాడిలో ఒక్కోలా ఉంటుంది కదా, ఆ తేడాలో దాదాపు 78 శాతం వంశపారంపర్యంగా వచ్చేదేనని అందులో లెక్కగట్టారు. పైగా రెండు నుంచి ఆరేళ్ల మధ్య ఈ బెదురు బాగా ఎక్కువగా ఉంటుంది. మీ బాబు సరిగ్గా ఆ వయసులోనే ఉన్నాడు. కాబట్టి మీ పెంపకాన్ని మీరు అనుమానించుకోకండి.

అలాగని వదిలెయ్యమని కాదు. ఆ బెదురు తగ్గేదీ, ముదిరేదీ ఇంట్లోనే.

పిల్లల వైపు నుంచి ఒకసారి చూడండి. బిస్కెట్ ఏ ప్యాకెట్ విప్పినా అదే రుచి, అదే కరకర. పండు అలా కాదు. నిన్నటి జామకాయ తియ్యగా ఉంటే ఇవాళ్టిది వగరు. ఒక ద్రాక్ష తీపి, పక్కది పులుపు. సపోటా ఇసకగా తగులుతుంది, అరటిపండు జారుతుంది, ఆపిల్ ముక్క పది నిమిషాలుంటే ఎర్రబడుతుంది. నోట్లోకి ఏం వస్తుందో ముందే తెలియాలనుకునే పిల్లాడికి ఇదంతా టెన్షనే. మావాడు "ఇది మెత్తగా ఉంటుందా, కరకరలాడుతుందా?" అని అడిగేవాడు. అది పేచీ కాదు, నిజంగా తెలుసుకోవాలని అడగడమే. ఉన్నది ఉన్నట్టు చెప్పేదాన్ని. పుల్లగా ఉంటే పుల్లగా ఉందనే చెప్పాలి. తియ్యగా ఉందని పెట్టి అది పుల్లగా తగిలితే, ఆ తర్వాత మన మాట నమ్మరు.

ఇంకో విషయం గమనించండి, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మీ ఇంట్లో పెద్దవాళ్లు పండు తినడం మీ బాబు ఎప్పుడైనా చూశాడా? మన ఇళ్లలో అరటిపళ్లు దేవుడికి, తాంబూలానికి. బత్తాయిలు, ఆపిల్స్ ఆసుపత్రిలో ఉన్నవాళ్లని చూడ్డానికి వెళ్తే పట్టుకెళ్తాం. మామిడిపండు కోస్తే చెంపలు పిల్లలకి, టెంక తల్లికి, అదీ వంటింట్లో సింకు దగ్గర నిలబడి. నాన్న ఆఫీసు నుంచి వచ్చి టీతో మిక్చర్ తింటాడు. పిల్లాడికి మాత్రం "తిను, ఒంటికి మంచిది" అంటాం. అది మందు పట్టేటప్పుడు అనే మాట. పండు రుచిగా ఉంటుందన్న సంగతి వాడికి చూపించిన వాళ్లెవరు?

మా ఇంట్లో మార్పు మా వారి దగ్గర మొదలైంది. సాయంత్రం ఇంటికొచ్చాక జామకాయ కోసుకుని, ఉప్పూ కారం అద్దుకుని, అందరి మధ్యా కూర్చుని తినేవారు. వాణ్ణి పిలవలేదు, "చూడు నాన్న ఎలా తింటున్నాడో" అని నేనూ అనలేదు. వాడు చాలా రోజులు ఊరికే చూశాడు. తర్వాత వేలితో ఉప్పుకారం నాకాడు. ఆ తర్వాత ముక్క అంచు కొరికి ఊసేశాడు. ఊసినా ఎవరూ ఏమీ అనలేదు. పండు చూడ్డం, ముట్టుకోవడం, వాసన చూడ్డం, నాకి వదిలెయ్యడం, ఇవన్నీ దగ్గరవడంలో భాగమే. పిల్లలు కొత్త రుచిని ఒప్పుకోడానికి పది పదిహేను సార్లు కూడా పట్టొచ్చని పోషకాహార నిపుణులు చెబుతారు. రెండు మూడు సార్లు పెట్టి "వీడికి పడదు" అని మానేసే ఇళ్లే ఎక్కువ.

బలవంతం గురించి. అమెరికాలో లీయాన్ బర్చ్ అనే మనస్తత్వవేత్త పిల్లల తిండి అలవాట్ల మీద దశాబ్దాల పాటు పనిచేశారు. 2006లో ఆమె బృందం ప్రీస్కూల్ పిల్లల మీద చేసిన ప్రయోగం ఒకటుంది. "సూప్ పూర్తి చెయ్యి" అని పదే పదే చెప్పినప్పటికంటే, ఏమీ అనకుండా వదిలేసినప్పుడే పిల్లలు ఎక్కువ తాగారు, విసుక్కోవడం కూడా తగ్గింది. లంచం కూడా అంతే. ఒక పానీయం తాగితే బహుమతి ఇస్తామన్నాక, పిల్లలకి ఆ పానీయం మీద ఇష్టం తగ్గిందని 1984లోనే ఆమె చూపించారు. మా అత్తయ్యగారు ప్రేమతో "ఒక్క ముక్క తింటే చాక్లెట్ ఇస్తా" అనేవారు. పిల్లాడికి అర్థమయ్యేది ఒక్కటే: పండు కష్టం, చాక్లెట్ ఫలితం. అయితే లండన్‌లో 2011లో వచ్చిన మరో పరిశోధనలో, అంతగా నచ్చని ఒక కూరగాయని చిన్న ముక్క రుచి చూసినందుకు స్టిక్కర్ ఇచ్చినా, మెచ్చుకున్నా పిల్లలు ఆ కూరగాయని తర్వాత ఎక్కువగా తిన్నారు. కాబట్టి ఏదైనా ఇవ్వాలనిపిస్తే స్టిక్కర్ ఇవ్వండి, తీపి వద్దు. కడుపు నిండా తిన్నందుకు కాకుండా, రుచి చూసినందుకే ఇవ్వండి.

తోటి పిల్లల ప్రభావం మనం అనుకునేదానికంటే ఎక్కువ. మా పుట్టిల్లు నూజివీడు దగ్గర పల్లె. వేసవిలో అక్కడ బకెట్ నీళ్లలో రసాలు నానబెట్టి, పిల్లలందర్నీ అరుగు మీద కూర్చోబెడతారు. పండు పిసికి, ముచ్చిక తీసి, సొన పిండేసి చీకడమే. టెంక ఎవరిది తెల్లగా వస్తే వాళ్లు గెలిచినట్టు. మావాడు మొదట్లో స్తంభం పక్కన నిలబడి చూసేవాడు. వాళ్ల అన్నయ్యలెవరూ వాణ్ణి పట్టించుకోలేదు, అదే మంచిదైంది. ఒకరోజు "నాకేది?" అన్నాడు. పండు చేతికిచ్చి నేను లోపలికి వెళ్లిపోయాను. సగం చొక్కా మీదే పోయింది, మిగతాది తిన్నాడు. ఊరు వెళ్లే వీలు లేకపోతే పక్కింటి పిల్లల్ని పిలిచి ఒకే పళ్లెంలో ముక్కలు పెట్టండి.

ఇప్పుడు మీరు చెయ్యగలిగినవి. సాయంత్రం బడి నుంచి ఆకలితో వచ్చినప్పుడు, బిస్కెట్ల డబ్బా కనపడకుండా తీసేసి, పళ్లెంలో రెండు ముక్కలే పెట్టండి. ఒకటి వాడికి కొంచెమైనా పరిచయమున్నది, రెండోది కొత్తది. మీరూ పక్కన కూర్చుని తినండి, మాట మాత్రం బడి గురించో ఆటల గురించో నడపండి. తినకపోతే మాట్లాడకుండా తీసెయ్యండి. బజారుకి తీసుకెళ్లి బండి దగ్గర పండు వాణ్ణే ఏరమనండి. ఇడ్లీ పిండిలోనో పాలలోనో దాచి పెట్టకండి, కనిపెడితే ఇడ్లీ కూడా మానేస్తాడు. జ్యూస్ పండుకి బదులు కాదు, నమిలే అలవాటు దానివల్ల రాదు. ఆపిల్ ముక్కకి డోకొస్తోందన్నారు కాబట్టి ఇప్పటికి మెత్తటి పండ్లతోనే మొదలుపెట్టండి. ద్రాక్ష నిలువుగా చీల్చి పెట్టాలి, సీతాఫలం, నేరేడు, రేగు గింజలు తీసే ఇవ్వాలి, గొంతుకి అడ్డం పడతాయి.

ఎంత తినాలన్న బెంగ వద్దు. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకి రోజుకి కనీసం 250 గ్రాములని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అది పండ్లూ కూరగాయలూ కలిపి. బెండకాయ, దోసకాయ తింటున్నాడంటే కొంత వచ్చేసినట్టే.

మీ అత్తగారితో వాదన పెట్టుకోకండి. అరటిపండుకి జలుబు చేస్తుందని మా అత్తయ్యగారూ అనేవారు. జలుబు వైరస్ వల్ల వస్తుందని డాక్టర్ చెప్పాక కొంచెం తగ్గారు. నేను ఆవిడకి సీతాఫలం పని అప్పజెప్పాను. ఆవిడ గింజలు తీస్తూ, తింటూ కథ చెప్పేవారు, వాడు పక్కన కూర్చునేవాడు. మీ అత్తగారికీ అలాంటి పని ఒకటి ఇచ్చి చూడండి.

పండ్లే కాకుండా మీ బాబు తినే వస్తువులు మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నా, బరువు పెరగకపోయినా, గట్టిగా తగిలే ప్రతిదానికీ డోకొస్తున్నా, రోజుల తరబడి విరేచనం కాకపోయినా పిల్లల డాక్టర్‌కి చూపించండి. వెళ్లే ముందు ఒక వారం పాటు వాడు తిన్నవన్నీ కాగితం మీద రాసి పట్టుకెళ్తే డాక్టర్‌కి తేలికవుతుంది.